అంచు మీద అతుకు

పెడన,
ఆదివారం.

వెంకటసుబ్బారావు గారికి నమస్కారాలండి.

నిన్న విజయవాడలో, పాత నాణేలు సేకరించేవాళ్ల మీటింగులో మీ పక్కన కూర్చున్న ముసలాయన్నండి. ఆ సంతోషం ఇంకా తగ్గలేదండీ!

మా అమ్మాయి జ్యోతిర్మయి కొనిచ్చిన రోము నాణెం నకిలీదని మీరన్నారు. అంచు మీద అతుకు చూపించి, అసలువి సుత్తితో కొట్టి చేసేవారని, పోత పోస్తేనే ఇలా అతుకు పడుతుందని చెప్పారు. నేత నేసినవాణ్ణి, అతుకు నాకే కనిపించాల్సింది! "ఈ రాజుగారికి మా మనవడి వయసుంటుందండీ" అని దాని మీద బొమ్మ చూసి మీరంటే నాకూ నవ్వొచ్చింది. అమ్మాయికి మాత్రం చెప్పనండి.

తర్వాత మీ అసలు నాణేలన్నీ నా అరచేతిలో పెట్టి, ఒక్కో రాజు కథా చెప్పారు. మా ఆవిడ పోయాక నాతో ఎవరూ అంతసేపు కూర్చోలేదండి.

ఒక్క సందేహం. చూపించడానికి నా దగ్గర ఇంకో నాణెం లేదు. వచ్చే నెల ఊరికే రావచ్చాండీ?

ఇట్లు,
మీ పక్క కుర్చీ ఆయన