మీ బావ కాలికి కరెంటు

వరంగల్

తమ్ముడు ఉమాకాంత్‌కు అక్క దీవెనలు. ఈసారి పళ్లు కొరుకుతూనే దీవిస్తున్నాను. ఇక్కడ మేము క్షేమం. భీవండిలో నువ్వూ, నవనీతా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఫోనులో తిడితే మధ్యలో పెట్టేస్తావు కాబట్టి కాగితం మీద తిడుతున్నాను.

ఎవరినడిగి ఆ పాత మగ్గాలు కొనే పోశయ్యను మా మగ్గం కొనమని పంపావురా? పక్షవాతంతో కుడికాలు చచ్చుబడిన మనిషి ముందు నిలబడి, "మీ బామ్మర్ది చెప్పిండు. మగ్గం నేను తీస్కపోతా, దాని కింద కాళ్లు పెట్టే గుంత పూడ్సుకోండ్రి" అన్నాడు. మీ బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. నీకు సిగ్గనిపించడం లేదూ?

కరెంటు వైద్యం పనిచేస్తోందా అని అడిగావు. నవ్వుతావని ఇన్నాళ్లూ దాచిన సంగతి చెప్తున్నాను. ఆ కాలికి తొక్కే బలం కొంత మిగిలింది, పాదం ఎత్తే బలమే పోయింది. దవాఖానలో స్నేహలత మేడం మోకాలి కింద పట్టీలు అంటించి మిషన్ వేస్తే పాదం లేవాలి. "కరెంటు ఎత్తేటప్పుడు మీరు గూడ ఎత్తాలె, అప్పుడే కాలుకు పని యాదికొస్తది" అని ఆమె మొత్తుకునేది. ఈ మహానుభావుడేమో పళ్లు బిగపట్టి కిందికి తొక్కేవాడు! ఎందుకట్లా అని అడిగితే, "జిందగీల కరెంటు మగ్గం ముట్టలే. ఇప్పుడు నా కాలును కరెంటు నడిపిస్తదా?" అన్నాడు. నువ్వు మరమగ్గాలకు పోయిన నాడు నీతో మాట మానేసిన మనిషి కదా!

పోశయ్య పోయాక నాకు ఒళ్లు మండింది. మేడం ఇంటికిచ్చిన చిన్న మిషన్ కట్టి, మీ బావను మగ్గం ముందు కూర్చోబెట్టి, కాళ్లు గుంతలోకి దించాను. "తొక్కు! లేకుంటే మగ్గం ఇరగ్గొట్టి పొయ్యిల పెడ్త" అన్నాను. కుడికాలు తొక్కింది. ఎడమకాలి వంతు వచ్చినా కుడి పాదం తొక్కుడు పలక మీది నుంచి లేవలేదు. మిషన్ మీట నొక్కాను. ఈసారి ఎదురు తొక్కలేదు, తనూ ఎత్తాడు. పాదం లేచింది! కుడి, ఎడమ, మళ్లీ కుడి. పోగు మోసే నాడె అటూ ఇటూ పోయింది. నాకు ఏడుపొచ్చింది.

చెమటలు కారుతుంటే, నావైపు చూడకుండా అన్నాడు: "ఎత్తుడు కరెంటుది, తొక్కుడు నాది. గీ మాట ఉమాకాంత్‌కు చెప్పకు."

చెప్పేశాను. పోశయ్యకు ఫోన్ చేసి మా గడప తొక్కొద్దని నువ్వే చెప్పు. తర్వాత బయలుదేరి రా. నేను నాడెలోకి నూలు కండెలు చుట్టుకోవాలి, మీట నొక్కే మనిషి కావాలి. కరెంటు పని నీకు బాగా వచ్చు కదా, వచ్చి బావ పక్కన కూర్చుని నొక్కు.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని
నీ అక్క శోభారాణి