ఏ శాఖకూ చెందని గదికి వేసిన తాళం

గౌరవనీయులైన సంస్థల నమోదు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మోటారు వైండింగ్ షాపు మీది గదికి తమ కార్యాలయం వారు వేసిన తాళం తీయించుట గురించియు, "శాఖ" అను ఒక్క మాటకు తమవారు తీసిన అర్థం గురించియు మనవి.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను సదరు షాపులో వైండింగ్ పనివాడిని. కాలిపోయిన మోటార్ల లోపలి రాగి తీగ ఊడదీసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెడతాను. చదువు మధ్యలో మానేశాను. అర్జీ ఎలా రాయాలో తమ కార్యాలయం గోడకు అంటించిన నమూనా చూసి నేర్చుకున్నాను. ఆ నమూనాలో కోపం రాసుకొనుటకు గడి లేదు. కావున అది అక్కడక్కడా పక్కకు పొర్లితే క్షమించవలెను. క్షమించకపోయినా పర్వాలేదు.

1. మా షాపు మీద ఒక గది ఉన్నది. కింద ఆరే వార్నిష్ వాసన పైకి వస్తుంది, పైన పాడే పాట కిందికి వస్తుంది. ప్రతి ఆదివారం అందులో మా సంఘం కూడుకుంటుంది. దాన్ని నడిపేది కుర్రవాళ్లమే. మా సంఘ కాపరి సెలూన్‌లో క్షవరం పని చేస్తాడు. అతన్ని మా తాతల వయసు వాళ్లు కూడా "అన్నా" అనే పిలుస్తారు. పాట ఎత్తుకునేది ఒక నర్సు. చాపలు పరిచేదీ, ఫ్యాను కాలిపోతే తీగ చుట్టేదీ నేను. పెద్దవాళ్లు వస్తారు, కూర్చుంటారు, వింటారు. ఇన్నాళ్లూ పెద్ద చర్చిల్లో మమ్మల్ని వెనక కూర్చోబెట్టి వినిపించారు కాబట్టి ఇది న్యాయమేనని నా అభిప్రాయం. అన్న అభిప్రాయం వేరు. "కక్ష తీర్చుకోడానికి పెట్టలేదురా దీన్ని," అంటాడు.

2. నమోదు కోసం తమరి ఫారం నింపాము. అందులో "శాఖ" అని ఒక గడి ఉన్నది. క్రైస్తవుల్లో శాఖలు చాలా ఉన్నాయి. ఎవరి శాఖ వారిది, ఎవరి గేటు వారిది. మేము అందులో ఏదీ కాదు. కాబట్టి "ఏ శాఖకూ చెందదు" అని రాశాము. తమ కార్యాలయపు పెద్ద గుమస్తా గారు ఆ మాట మీద వేలు పెట్టారు.

"ఏ శాఖ?"

"ఏ శాఖా కాదండీ. వట్టి క్రైస్తవులం," అన్నాను.

"అది మీ ఇష్టం. ప్రభుత్వంలో ఏ శాఖకీ చెందనిదంటూ ఏదీ ఉండదు. గాలికి కూడా ఒక శాఖ ఉంది. మీది ఏదో నేను కనుక్కుంటాలే, నువ్వెళ్లు."

కనుక్కున్నారు. మా విశ్వాసములు, ఉద్దేశములు అని మేము జతపరచిన కాగితాన్ని వాక్యం వాక్యంగా విడగొట్టి, ఏ వాక్యం ఏ శాఖలా కనబడితే ఆ శాఖకు పంపించారు.

3. ఫలితములు ఈ కింది విధముగా ఉన్నవి.

(అ) "మేమందరము ఒకే మంద" అన్న వాక్యము పశుసంవర్ధక శాఖకు పోయినది. ఆరాధన మధ్యలో ఒక డాక్టరు గారు ఐసు పెట్టె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మంద ఎక్కడ?"

"ఇదేనండీ," అన్నాడు అన్న, మమ్మల్ని చూపించి.

"టీకాలు వేయించారా?"

"చిన్నప్పుడు వేయించారండీ."

"గాలికుంటు లాంటిదేమైనా?"

మా నర్సు లేచి, "గొంతు బొంగురు తప్ప ఏమీ లేదు సార్, అది కూడా పాటల వల్ల," అన్నది. ఆయన అది రాసుకుని వెళ్లారు.

(ఆ) "మనుషులను పట్టు జాలరులుగా ఉండుట మా ఉద్దేశము" అన్నది మత్స్య శాఖకు పోయినది. వల కన్ను ఎంత ఉంది, గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపుతున్నారా అని నోటీసు వచ్చింది. గర్భిణీ స్త్రీలు కూడా మా దగ్గరికి వస్తారని నేను నిజాయితీగా జవాబు రాశాను. జరిమానా వేస్తామని హెచ్చరిక వచ్చింది.

(ఇ) "ద్రాక్షరసము" అన్న మాట ఆబ్కారీ శాఖకు పోయినది. వచ్చినాయన మా అమ్మ ఇంట్లో పిండి తెచ్చే ద్రాక్షరసం ఒక గ్లాసు తాగి, కాసేపు ఆగి చూసి, ఇంకో గ్లాసు తాగారు. "ఇందులో ఏం లేదే," అని బాధగా రాసుకున్నారు.

(ఈ) "చనిపోయి మూడవ దినమున తిరిగి లేచిన ప్రభువును నమ్ముచున్నాము" అన్నది జనన మరణాల నమోదు వారికి పోయినది. సదరు వ్యక్తి తిరిగి లేచిన పిమ్మట తన మరణ నమోదును రద్దు చేయించుకొనలేదనియు, అందుకు స్వయముగా హాజరు కావలెననియు మెమో ఇచ్చారు. ఆయన తప్పక వస్తాడని మేము నమ్ముచున్నాము అయ్యా. తేదీ మాత్రం మాకు తెలియదు. జవాబులో అదే రాశాను.

(ఉ) "యౌవనులచే నడపబడు" అన్న మాట యువజన క్రీడల శాఖకు పోయినది. వారు వచ్చి ఆటలో ఎవరు గెలిచారని అడిగారు.

"మా ప్రభువు ఎప్పుడో గెలిచేశాడండీ," అన్నాడు అన్న.

"ఎవరి మీద?"

"మరణం మీద."

ప్రత్యర్థి జట్టు అన్న చోట "మరణం" అని రాసుకుని, ఒక వాలీబాల్ ఇచ్చి వెళ్లారు.

4. చివరికి అన్ని శాఖలూ "ఇది మాకు చెందదు" అని తిప్పి పంపాయి. పెద్ద గుమస్తా గారు అన్ననూ నన్నూ పిలిపించి ఆ కాగితాల కట్ట చూపించారు.

"చూశారా? ఎవరికీ చెందకపోతే అది దిక్కులేని ఆస్తి. దిక్కులేని ఆస్తికి తాళం వేయాలని రూలు."

"దిక్కు లేదని ఎవరన్నారండీ? మా దిక్కు పైన ఉన్నాడు," అన్నాడు అన్న.

"పైన అంటే? పై అధికారా?"

"ఇంకా పైన."

"ఇంకా పైన అయితే సరైన దారిలో కింద నుంచి రమ్మను," అన్నారు. ఆ సాయంత్రమే తాళం పడింది. చాపలు లోపలే ఉన్నాయి. ఫ్యాను తిరుగుతూనే ఉందేమో అని నాకు అనుమానం. దాన్ని ఆపడానికి కూడా టైము ఇవ్వలేదు.

5. వేరే చోట కూడుకోవచ్చు కదా అని తమరు అనవచ్చును. కూడుకున్నాము. తమ ఉత్తరువులో "సదరు సంఘము ఎక్కడ కూడినను అక్కడ తాళము" అని ఉన్నదట. అన్న పనిచేసే సెలూన్ వెనక గదిలో కూడితే, ముందు గదిలో సగం గడ్డం గీసిన మనిషి కుర్చీలో ఉండగా సెలూన్ మొత్తానికి తాళం వేశారు. ఆయన కిటికీలోంచి మిగతా సగం గురించి అడిగిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. తర్వాత పార్కులో కూడాము. పార్కుకు తలుపు లేదు. తమ బంట్రోతు గారు చేతిలో తాళం పట్టుకుని పార్కంతా తిరిగి, వేయడానికి ఏదీ దొరక్క, వెనక వరసలో గడ్డి మీద కూర్చున్నారు.

"ఎప్పుడవుతుంది బాబూ ఇది?" అని నన్నడిగారు.

"ప్రార్థన అయ్యాక."

"తొందరగా కానివ్వండి. దీనికి ఒక తలుపు చూసుకోవాలి నేను," అన్నారు. పాటకు మాత్రం తల ఊపారు.

6. ఈ అంశము మా కాపరి చదివి కొట్టివేయించినాడు.

7. ఇక అసలు సంగతి. దీనికోసమే రాస్తున్నాను. పైవన్నీ తమరు చదువుతారని రాసినవి.

మా నాన్నది ఒక శాఖ, అమ్మది ఒక శాఖ. నాన్నవాళ్లు మోకరించి, పుస్తకం చూసి, మెల్లగా ప్రార్థిస్తారు. పసిబిడ్డ తల మీద నీళ్లు చల్లుతారు. అమ్మవాళ్లు చేతులెత్తి గట్టిగా స్తుతిస్తారు. వయసొచ్చాక నీళ్లలో నిలువునా ముంచుతారు. నన్ను మొదట చల్లారు, తర్వాత ముంచారు. ముంచిన సంగతి నాన్నకు నా తడి జుట్టు చూశాక తెలిసింది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరి మధ్యా టపా నేనే. "మీ నాన్నని భోజనానికి రమ్మను." "మీ అమ్మకి నాకు ఆకలి లేదని చెప్పు." ఇద్దరూ ఒకే గదిలో, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉండి.

నేను ఈ కుర్ర సంఘంలో చేరానని తెలిసి, అన్నను నాలుగు దులిపేయడానికి ఒక ఆదివారం ఇద్దరూ వచ్చారు. ఒకరికి తెలియకుండా ఒకరు. మెట్ల మీద ఎదురుపడ్డారు. పైకి వస్తే ఖాళీగా ఉన్నది ఒకటే చాప. అన్న వాళ్లను ఏ చర్చి అని అడగలేదు. "ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్లు తాగండి," అన్నాడు. తిట్టు గొంతులోనే ఉండిపోయింది. మిగిలిన తిట్టు తిట్టడానికి పై ఆదివారం మళ్లీ వచ్చారు. అలా వస్తూనే ఉన్నారు. అమ్మ కాసేపు ఊరుకోవడం నేర్చుకుంది. నాన్న చప్పట్లు నేర్చుకున్నాడు, తాళం తప్పుతాడు గానీ. (ఈ తాళం వేరు అయ్యా. దీన్ని సంగీత శాఖకు పంపవద్దు.) ఇంటికి వెళ్లే దారిలో నన్ను మధ్యన పెట్టకుండా మాట్లాడుకునేవాళ్లు. ఏం మాట్లాడుకునేవాళ్లో తెలియదు. నేను కావాలనే వెనక నడిచేవాణ్ని.

తమరు తాళం వేశాక పార్కుకు రమ్మంటే, నాన్న "మావాళ్లు చూస్తారురా" అన్నాడు. అమ్మ కూడా "మావాళ్లు చూస్తారురా" అంది. ఇద్దరూ ఒకే మాట అన్నారు. కానీ నాతో అన్నారు. నాన్న తన చర్చికి పోయాడు, అమ్మ తన చర్చికి పోయింది. టపా మళ్లీ మొదలైంది. ఇప్పుడు అమ్మ బ్యాగు సర్దుకుంది. ఆదివారం పొద్దున బస్సుకు పిన్ని ఇంటికి పోతానంటోంది. మళ్లీ ఎప్పుడొస్తావంటే, "మీ నాన్నని అడగమను," అంది. నాన్న, "నేను అడగనని చెప్పు," అన్నాడు. ఇది చెప్పడానికి నాకు నోరు రాలేదు. మొదటిసారి టపా పోగొట్టాను.

8. పెద్ద గుమస్తా గారు చెడ్డవారు కారు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "ఏదో ఒక శాఖ రాసి పారెయ్యరాదూ. ఎవడొచ్చి చూస్తాడు? సాయంత్రానికి తాళం తీయిస్తా," అన్నారు. ఆ గడిలో నాన్న శాఖ రాస్తే అమ్మ గుమ్మం ఎక్కదు. అమ్మ శాఖ రాస్తే నాన్న మెట్టు ఎక్కడు. అందుకే అక్కడ ఏదీ రాయను. అప్పుడు ఆయనకు నేనిచ్చిన జవాబే పైన కొట్టివేయబడిన ఆరవ అంశము.

9. మా విశ్వాసం మళ్లీ రాయమన్నారు. ఈసారి ఏ శాఖకూ దొరక్కుండా రాస్తున్నాను. దేవుడు ఉన్నాడు. యేసు మా కోసం చనిపోయాడు, లేచాడు, అది మాకు చాలు. తప్పు ఒప్పుకున్నవాణ్ని ఆయన తోసెయ్యడు, కాబట్టి తోసెయ్యడానికి మేమెవరం. బైబిలు ఉంది, దాని మీద ఇంకో బోర్డు తగిలించనవసరం లేదు. ఇష్టపడి అడిగినవాళ్లకే బాప్తిస్మం. చిన్నవాడని ఎవరి నోరూ మూయించం, పెద్దవాళ్లని ఎవరినీ బయట నిలబెట్టం. గుమ్మంలో "మీరు ఎవరి తాలూకు" అని అడగం. మా ఉద్దేశం ఇంతే: ఎక్కడా ఇమడని మనిషి వస్తే కూర్చోవడానికి ఒక చాప ఉండాలి. చాప అని రాశాను, చేప కాదు. మత్స్య శాఖ వారు గమనించగలరు.

కావున తమరు దయతలచి సదరు గది తాళం తీయించవలెను. శాఖ అన్న గడిలో మేము రాసినది రాసినట్టే ఉంచవలెను. అన్న గుర్తు చేసినందున రాస్తున్నాను, ఆ సెలూన్ తాళం కూడా. వాలీబాల్ వాపసు చేయబడదు. పిల్లలు ఆడుకుంటున్నారు.

ఇదంతా తమరు చిత్తగించవలెను. తీరిక లేకపోతే ముందు తాళం తీయించి, తర్వాత నెమ్మదిగా చిత్తగించినా మాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
తాళం తీసిన నిమిషం నుంచి
తమ విధేయుడు,
వైండింగ్ పనివాడు

తా.క. అమ్మానాన్నల సంగతి రాశాను కదా అని, ఈ అర్జీని ఇంట్లో పైకి చదివాను. ఏడో అంశం దగ్గర నాన్న పేపరు దించాడు.

"ఇంటి గుట్టు ఆఫీసుకి రాస్తావా?"

"రాస్తే రాశాడు, అబద్ధాలు ఎందుకు?" అంది అమ్మ లోపలి నుంచి. "నేను తిట్టడానికి ఎప్పుడొచ్చాను? కనుక్కోడానికి వచ్చాను."

"నేను తాళం తప్పుతానా?" అన్నాడు నాన్న. నన్ను అడగలేదు. అమ్మను అడిగాడు.

అమ్మ గుమ్మం దాకా వచ్చి, గోడ వైపు చూస్తూ, "తప్పుతారు. మునుపటి మీద నయం," అంది.

"నేర్పేవాళ్లు ఊళ్లు పట్టుకుని పోతుంటే ఇంక కుదిరినట్టే," అన్నాడు నాన్న.

అమ్మ నాన్న వైపు తిరిగి, "ఎవరండీ ఆ తాళం వేయించిన ఆయన?" అంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి తమరిని చాలాసేపు తిట్టారు అయ్యా. ఒకరు ఆగితే ఒకరు అందుకున్నారు. అవి ఇక్కడ రాయను, అన్న మళ్లీ కొట్టేయిస్తాడు. ఇద్దరికీ కలిపి ఒకేసారి వడ్డించాను. ఎవరికి ఎవరూ కబురు పెట్టలేదు.

అయినా తమరి మీద వాళ్లిద్దరి కోపం ఎన్నాళ్లని నిలుస్తుంది. అమ్మ బ్యాగు ఇంకా విప్పలేదు. బస్సు ఆదివారం పొద్దున్నే. తాళంచెవి పంపేటట్టయితే శనివారం షాపులో నా చేతికే ఇవ్వమనండి. ఆ రోజు నేను భోజనానికి కూడా కదలను.