వియ్యంకుడి ఊరు

శనివారం రాత్రి, ఏజాక్స్, కెనడా

నేను తాతనవుతున్నాను! మా లలితకు మూడో నెల నిండింది, ఇక అందరికీ చెప్పుకోవచ్చు. భగవంతుడా, ఈ సంతోషానికి నా గుండె చాలడం లేదు.

అయినా వియ్యంకుడు డంకన్ గారి మీద కుళ్లుగానే ఉంది. ఇవాళ భోజనాలయ్యాక, పుట్టబోయే బిడ్డకు చెప్పాలంటూ స్కాట్లండులోని తన పూర్వీకుల పల్లెను బల్ల మీదే పరిచాడు. ఉప్పు డబ్బా ఏమో గుట్ట మీది చర్చి, కత్తి ఏమో వాగు, టీ కప్పులేమో ఒకే వీధిలో రాతి ఇళ్లు. గొర్రెల మేతకు భూమి కావాలని జమీందారు రైతులను వెళ్లగొడితే, ఆయన ముత్తాత ఓడెక్కి కెనడా వచ్చాడట. ఈయన ఆ ఊళ్లో ఒక్క రాత్రి పడుకున్నది లేదు. అయినా ఏ ఇల్లు ఎవరిదో గడగడా చెప్పేశాడు!

తర్వాత, ఇక మీ ఊరు పెట్టండంటూ కప్పులు నా వైపు తోశాడు. రైసుమిల్లు పెట్టాను, కాలవ పెట్టాను. కరణంగారి ఇంటి పక్కన ఎవరుండేవారో ఎంతకీ గుర్తు రాలేదు.

"నాన్నా, మిల్లు కాలవకి అవతల అన్నావుగా? ఎప్పుడు షిఫ్ట్ చేశావ్?" అని లలిత పకపకా నవ్వింది.

నేనూ నవ్వాను, కానీ లోపల మండిపోయింది. పుట్టి పెరిగిన ఊరు! ఇలాగైతే నా మనవడికి ఆ చర్చి ఒక్కటే మిగులుతుంది.

రేపు ఫోన్లు చెయ్యాలి. పెద్దక్కకు శుభవార్త చెప్పి, మా వీధి ఇళ్లన్నీ వరసగా చెప్పించుకోవాలి. చిన్నాన్న కొడుకు రాముడికి. విశాఖలో తోడల్లుడికి, ఆయనకు మా ఊరు తెలియదు, అయినా చెప్పాలి. సుబ్బులు పిన్నికి తొంభై దాటాయి. కాదు, ముందు ఆవిడకే చెయ్యాలి.