రంపం చచ్చిందని ఒక్క ముక్క

బావమరిదికి,

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నువ్వు పాతికేళ్ల కిందట కొనిపెట్టిన మోటారు రంపమే బాగాలేదు. స్టార్టు చేస్తే గరగరమంటోంది, పట్టుకుంటే మోచేతుల దాకా వణుకు. నిన్న పక్కవీధి టీచరమ్మగారి పెరట్లో ఎండుకొమ్మ కోస్తుంటే ఆవిడ కిటికీలోంచి చూసి “పడిపోతుందేమో, పడిపోయేట్టుంది” అంది. కొమ్మ సంగతో, నా సంగతో అడగలేదు. ఇంజను లోపల తిరిగే క్రాంకు షాఫ్టు బేరింగులు అరిగాయేమో ఎలా చూడాలో రాయి.

ఉంటాను,
చెట్లు కొట్టీ కొట్టీ విసిగిన నీ బావ

తా.క.: ఇది పోస్టాఫీసు బల్ల దగ్గర నిలబడి రాస్తున్నా. ఇంట్లో రాసినవన్నీ మీ అక్క చదువుతుంది, నువ్వు రాసేవీ ముందు తనే విప్పుతుంది. పని మానేస్తానంటే “మా తమ్ముడు ఆ రంపం పనికిరాదన్న రోజున మానండి” అంది. నా వల్ల కావడం లేదురా. రంపం చచ్చిందని ఒక్క ముక్క రాయి.

* * *

బావకి నమస్కారాలు.

ప్లగ్గు తీసి, పక్కమూత విప్పి, ఫ్లైవీలు చక్రం పట్టుకుని ఊపి చూడు. లోపలికీ బయటికీ వెంట్రుకవాసి కదిలితే ఫర్వాలేదు. పైకీ కిందకీ కదిలిందంటే బేరింగులు పోయినట్టే. పోయే ఉంటాయని ఒక జత పంపుతున్నా. పాతవి ఊడదీశాక కొత్త బేరింగులు ఫ్రిజ్‌లో ఐసు అరలో నాలుగు గంటలుంచు. అవి కూర్చునే ఇంజను పెట్టె, అదే కేసింగు, ఓవెన్‌లో వేడి చెయ్యి. వేడికి అది సాగుతుంది, చలికి ఇవి ముడుచుకుంటాయి, టక్కున కూర్చుంటాయి. సుత్తి ముట్టుకున్నావో, నా మీద ఒట్టే!

నీ మెకానిక్,
బావమరిది

తా.క.: కేసింగు పెట్రోలుతో కడిగితే పూర్తిగా ఆరాకే ఓవెన్‌లో పెట్టు. లేకపోతే వంటిల్లు కూడా నేనే రిపేరు చెయ్యాలి.

* * *

మా మంచి బావమరిదికి,

ఊపాను. పాలపన్ను ఊగినట్టు ఊగింది. పాతవి ఊడదీశాను. తర్వాత ఏం జరిగిందంటే, బేరింగులు ఓవెన్‌లో పెట్టాను, కేసింగు ఫ్రిజ్‌లో పెట్టాను. మీ అక్క పాలగిన్నె తీయబోయి ఇంజను తీసింది. నాలుగు రోజులుగా నాకు మాటా లేదు, పాలూ లేవు. బేరింగు ఎంతకీ దూరకపోతే నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి సుత్తి అందుకున్నాను. బేరింగు పగిలింది. ఇక దీని పని అయిపోయినట్టేనంటావా?

ఆశతో,
నీ బావ

తా.క.: పోస్టాఫీసు నుంచి. తలకిందులు చేసింది పొరపాటున కాదురా మొద్దూ. ఇంతకన్నా ఎలా చెప్పను?

* * *

బావకి మళ్లీ నమస్కారాలు.

ఏం ఫర్వాలేదు, ఇలా ఎవరికైనా జరుగుతుంది. నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరికీ జరగలేదు, అది వేరే సంగతి. ఈసారి రెండు జతలు పంపుతున్నా, ఆయిలు సీళ్లతో సహా. ఏది ఎందులో పెట్టాలో బొమ్మ కూడా గీశాను. ఈ రంపం ఇంకో పదేళ్లు లాగుతుంది, నాదీ పూచీ.

ధైర్యంగా ఉండు,
బావమరిది

తా.క.: ఫ్రిజ్‌లో పాలగిన్నెకి చోటుంచు.

* * *

బావమరిదికి,

తప్పు చేసే ఓపిక కూడా లేక ఈసారి సరిగ్గా చేశాను. టక్కున కూర్చుంది. తాడు ఒక్కసారి లాగితే స్టార్టయింది. ఇన్నేళ్లలో మొదటి లాగుకి స్టార్టవడం ఇదే. వీధిలోవాళ్లు మెచ్చుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

నీ బావ

తా.క.: మీ అక్కకి తెలీదు. నిన్న టీచరమ్మగారి పెరట్లో చెయ్యి తిమ్మిరెక్కి రంపం జారింది. కాలికి జానెడు దూరంలో పడింది. గంటసేపు మొద్దు మీద కూర్చుండిపోయాను. భయమేసిందిరా.

* * *

బావకీ, ముందుగా విప్పి చదువుతున్న అక్కకీ,

జానెడు అన్న మాట చదివి నా కాలి పక్కన జాన పెట్టి చూసుకున్నాను. బావా, నువ్వు దాచినది అక్కకి టీచరమ్మగారు ఆ సాయంత్రమే చెప్పేసింది. అక్క నాకు వారానికో కార్డు రాస్తూనే ఉంది: “ఆయన చేతులు పైకి లేవడం లేదు. నేను మానమంటే రోషానికి ఇంకో పదేళ్లు కొడతారు. రంపం చచ్చిందని నువ్వు రాయరా, నీ మాటైతే వింటారు” అని. నీ తా.క.లూ అన్నీ చదివాను. ఇద్దరూ అడుగుతున్నది ఒక్క ముక్క. నాకే రాయబుద్ధి కాలేదు.

నా షాపు గడప తొక్కేది ఇప్పుడు పోస్టుమాను ఒక్కడే. అతనూ నీ ఉత్తరాలతోనే వస్తాడు. పొద్దున్నే షట్టరు ఎత్తడానికి నీ బేరింగులు తప్ప నాకు వేరే పని లేదు. నీ రంపం చచ్చిందని రాస్తే నా షాపూ చచ్చినట్టేనని భయపడ్డాను. నా భయానికి నీ కాలు పోయేది. క్షమించు.

ఇప్పుడు రాస్తున్నా. బేరింగులు కొత్తవే, మొదటి లాగుకే స్టార్టవుతుంది, అయినా రంపం చచ్చింది. మెకానిక్‌గా ఇదే నా ఆఖరి మాట. షట్టరు దించేశాను. గురువారం బస్సుకి మీ ఇంటికొస్తున్నా.

షాపు లేని మీ బావమరిది

తా.క.: రంపం ఎవరికీ ఇచ్చెయ్యకండి. మనిద్దరం వరండాలో కూర్చుని రోజూ విప్పి, మళ్లీ బిగిద్దాం. ఇంకో జత బేరింగులు జేబులో వేసుకొస్తున్నా. అక్కా, ఫ్రిజ్‌లో చోటుంచు.