పదకొండో నంబరు బస్సు చెడిపోవడానికి అనుమతి

బస్సుల సంస్థ ముఖ్య అధికారి గారి సముఖమునకు, డిపో పెద్ద మెకానిక్కు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పదకొండో నంబరు బస్సు బ్రేకులు, ప్రణాళికలో లేకపోయినప్పటికీ, ఈ నెలలోనే చెడిపోయినట్టు గుర్తించి, అందుకు తగిన అనుమతి మంజూరు చేయుట గురించి.

సూచిక: తమరు నాకు దయచేసిన ప్రశంసాపత్రము, మా బావమరిదికి ప్లానింగు సెక్షను వారు ఇచ్చిన మెమో.

పై విషయమును పురస్కరించుకొని సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను ఈ డిపోలో ఇరవై రెండు సంవత్సరములుగా పనిచేయుచున్నాను. ఇరవై ఆరు బస్సులు నా చేతి కింద ఉన్నవి. కిందటేడు వరకు మా పద్ధతి ఏమనగా, బస్సు షెడ్డులోకి రాగానే ఏం తేడాగా ఉందో డ్రైవరు చెప్పేవాడు. మేము కిందికి దూరి చూసేవాళ్లం. అరిగింది మార్చేవాళ్లం. ఇది మోటు పద్ధతి అని ప్లానింగు సెక్షను వారు కనిపెట్టారు.

2. కొత్త ఉత్తర్వు ప్రకారము, ప్రతి నెలా ఇరవై ఐదో తేదీలోగా, రాబోయే నెలలో ఏ బస్సుకు, ఏ భాగము, ఏ తేదీన చెడిపోవునో పత్రములో నింపి పంపవలెను. అందులో ఉన్నదానికే స్టోర్సులో సామాను ఇస్తారు. లేనిది చెడిపోతే దాని పేరు ‘ప్రణాళికేతర మరమ్మతు’. అటువంటివి డిపోలో సున్నా ఉండవలెను.

ఉత్తర్వు చదివి వినిపించిన రోజున నేను లేచి ప్లానింగు సారును అడిగాను. “బస్సుకి ముందే తెలుస్తుందా సార్, ఏ తారీకున చెడిపోవాలో?”

“బస్సుకి తెలియక్కర్లేదు మేస్త్రీ. అనుభవం ఉన్నవాడికి తెలుస్తుంది. నీకు లేదంటావా?”

అందరూ నా వంక చూశారు. ఇరవై రెండేళ్ల సర్వీసు పెట్టుకుని లేదని ఎలా అంటాను? ఉందన్నాను. నా కొంప అక్కడే మునిగింది.

3. మొదటి నెలలో పద్నాలుగు మరమ్మతులు రాసి పంపితిని. అందులో ఐదే నిజమైనవి. మిగతా తొమ్మిది బస్సులు ఎందుకు చెడిపోలేదో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెనని నాకు మెమో వచ్చినది. బస్సులు బాగుండటం నా తప్పు అన్నమాట. ‘ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను’ అని రాసి సంతకం పెట్టితిని. అంతకన్నా ఏం రాయాలో నాకు తోచలేదు.

4. రెండో నెల నుంచి నాకు బుద్ధి వచ్చింది. మూడో నంబరు బస్సుకు తొమ్మిదో తేదీన క్లచ్ ప్లేటు పోతుందని పత్రంలో రాసి ఉంటే, తొమ్మిదో తేదీన ఆ బస్సును షెడ్డులోని మరమ్మతు గుంత మీదికి తెప్పించి, నిక్షేపంలాంటి ప్లేటును విప్పి పాత ఇనుములో పడేసి, కొత్తది బిగించేవాణ్ణి. నా జోస్యం నూటికి నూరు పాళ్లు ఫలించసాగింది. ప్లాను ప్రకారం మరమ్మతు అయిన బస్సుకు ప్లానింగు వారి గోడ మీది పటంలో పచ్చ రంగు వేస్తారు; ఆ పటంలో మా డిపో అంతా పచ్చ రంగు అయిపోయింది.

తమరు స్వయంగా వచ్చి, ‘ఉత్తమ ముందుచూపు మెకానిక్కు’ అని ప్లాస్టిక్కు కాగితం అంటించిన ప్రశంసాపత్రము నా చేతికి ఇచ్చి, నాతో చేయి కలిపారు. తమరికి గుర్తుండకపోవచ్చు. నాకు గ్రీజు చేతులు, తమరు తరువాత రుమాలు అడిగారు. మిగతా డిపోల మెకానిక్కులకు నా చేత పాఠం కూడా చెప్పించారు. నేను నల్లబల్ల ముందు నిలబడి, ఇంజను శబ్దం వింటే నెల ముందే తెలిసిపోతుందని చెప్పాను. వాళ్లు రాసుకున్నారు. అయ్యా, అవన్నీ కాకి లెక్కలని వాళ్లకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ చప్పట్లు నాకు బాగానే ఉన్నాయి. ఈ సంగతి రాసుకుంటుంటే ఇప్పుడు రోత పుడుతోంది.

5. ఇక పదకొండో నంబరు బస్సు విషయము. ఈ బస్సు గుట్ట మీది కాలనీ నుంచి దిగుడు రోడ్డున మార్కెట్టుకు తిరుగును. ఉదయం పూట అరవై మందికి తక్కువ ఉండరు. డ్రైవరు మా ఆవిడ తమ్ముడు, అనగా నా బావమరిది. పది రోజుల కిందట అతను షెడ్డుకు వచ్చి నాతో అన్నది యథాతథముగా ఇక్కడ పొందుపరచడమైనది:

“బావా, పెడల్ నేలకి ఆనుతోంది. రెండుసార్లు గట్టిగా తొక్కితే గానీ పట్టుకోవట్లేదు.”

కిందికి దూరి చూశాను. బ్రేకు లైనింగు అరిగి అరిగి, రివెట్లు తేలి, చక్రం డ్రమ్మును గీరుతున్నాయి. స్టోర్సుకు పోయాను. గుమస్తా వెనక అరల్లో కొత్త లైనింగులు నిలువెత్తు పేర్చి ఉన్నాయి.

“ప్లాను నంబరు చెప్పన్నా,” అన్నాడు.

“ప్లానులో లేదు. బ్రేకులు పోయాయి.”

“అయితే లేవు.”

“నీ వెనకాలే ఉన్నాయి కదయ్యా.”

“నాకూ కనపడుతున్నాయి అన్నా. ఇస్తే నా ఉద్యోగం కనపడదు.”

6. (ఈ అంశము రాసి కొట్టివేశాను. కింద ఎనిమిదిలో మళ్లీ రాశాను.)

7. వారపు సమీక్షలో ఈ సంగతి విన్నవించితిని. ప్లానింగు సారు కర్ర పుచ్చుకుని గోడ మీది పటం చూపించారు.

“పదకొండుకి రెండు నెలల కిందటే కొత్త బ్రేకులు పడ్డాయి. పచ్చగా ఉంది చూడు.”

“పచ్చరంగు గోడకుంది సార్, బస్సుకు లేదు.”

“సంవత్సరం దాకా బ్రేకులు పోకూడదని రూలు. అంతగా అయితే వచ్చే నెల ప్లానులో రాయి, పరిశీలిస్తాం.”

“అప్పటిదాకా?”

“మెల్లగా నడపమను.”

ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. దిగుడులో బస్సు మెల్లగా పోవాలన్నా బ్రేకే కావాలని ఆ గదిలో కూర్చున్న తొమ్మిది మందిలో ఒక్కరూ అనలేదు. అందరి ముందూ టీ కప్పులున్నాయి. బస్సును రూటు నుంచి తప్పించండి అని అడిగితే, తప్పించడానికి కూడా ప్లానింగు చీటీ కావాలి, పచ్చగా ఉన్న బస్సుకు ఆ చీటీ ఇవ్వరు అన్నారు.

మొన్న మంగళవారం ఉదయం బస్సు దిగుడులో ఆగలేదు. మా బావమరిది గేరు తగ్గించి, పక్క గోడకు రాసుకుంటూ తెచ్చి, కింద ఇల్లు కట్టేవాళ్లు పోసుకున్న ఇసుక కుప్పలోకి ఎక్కించాడు. దేవుడి దయ వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఒక పెద్దావిడకు మాత్రం మోచేయి గీసుకుపోయింది. సాయంత్రానికల్లా అతనికి మెమో వచ్చింది. ఏమని? ‘స్టాపు కాని చోట బస్సు ఆపినందుకు.’ సంజాయిషీకి మూడు రోజులు గడువు. ఆ మెమో టైపు చేసినవాడు అన్నం తింటున్నాడో గడ్డి తింటున్నాడో విచారించి తెలుసుకోగోరుతున్నాను.

ఆ బస్సే మర్నాడు ఉదయం మళ్లీ గుట్టెక్కింది.

డిపో మేనేజరు గారి దగ్గరికి పోతే తలుపు వేసి, గొంతు తగ్గించి చెప్పారు. “మేస్త్రీ, నీకు మంచి పేరుంది. చేజేతులా చెడగొట్టుకోకు. కావాలంటే అర్జీ రాసివ్వు, పైకి పంపిస్తా.” ఆ అర్జీయే ఇది.

8. కొట్టివేసినది ఇదే. రెండు నెలల కిందటి ప్లానులో నేను పదకొండుకు బ్రేకులు రాశాను. ఆ తేదీ వచ్చేసరికి పదకొండు బ్రేకులు ఇంకో నెల లాగేలా ఉన్నాయి. నిజంగా పోయినవి నాలుగో నంబరు బస్సువి. దానికి ప్లాను లేదు. అందుచేత పదకొండు పేరున సామాను తీసుకుని నాలుగుకు బిగించాను. పత్రంలో పదకొండు అనే సంతకం పెట్టాను. వచ్చే నెల నాలుగు పేరున రాసి పదకొండుకు వేద్దాంలే అనుకున్నాను. రాశాను కూడా. ఈ మూడు నెలల బ్రేకుల కోటా అయిపోయిందని ప్లానింగు వారు ఆ వరుస కొట్టేశారు.

కనుక పటంలో పదకొండు పచ్చగా ఉండటం వారి తప్పు కాదు. ఆ పచ్చరంగు వేసింది నేను. సమీక్షలో సారు కర్ర పెట్టి చూపించినప్పుడు ఈ మాట చెప్పి ఉంటే ఆ రోజే బస్సు ఆగేది. చెబితే దొంగ సంతకం బయటపడుతుంది, ప్రశంసాపత్రం పోతుంది, ఉద్యోగం పోతుంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ తొమ్మిది మందినీ పైన తిట్టాను గదా. పదోవాణ్ణి నేనే.

9. మంగళవారం రాత్రి భోజనం దగ్గర మా ఆవిడ ఒకటే ప్రశ్న వేసింది. “మీరు నెల ముందే అన్నీ చెప్పేస్తారట కదా. మా తమ్ముడు ఏ తారీకున పోతాడో చెప్పండి, సెలవు పెట్టుకుంటాను.” ఆవిడ లేచి, గోడకున్న ప్రశంసాపత్రం తీసి, నీళ్ల బకెట్టు మీద మూతగా పెట్టింది. ప్లాస్టిక్కు కాగితం కదా, బాగా పనికొస్తోంది. అప్పటి నుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు. మా బావమరిది మాత్రం మాట్లాడుతున్నాడు. “నువ్వేం చేస్తావులే బావా,” అంటాడు. ఆవిడ మౌనమే నయం.

10. కావున ప్రార్థించునది ఏమనగా: పదకొండుకు వెంటనే బ్రేకు లైనింగులు ఇప్పించవలెను. మా బావమరిది మెమో రద్దు చేయవలెను. చెడిపోయిన బస్సు చెడిపోయిందని చెప్పే హక్కు, దానిని తోలేవాడికీ విప్పేవాడికీ తిరిగి ఇప్పించవలెను. నా మీద తీసుకోదగిన చర్య ఏదైనా తీసుకోవచ్చును, సంజాయిషీ రాయను. ఈ సంవత్సరంలో రాసిన సంజాయిషీలు చాలు.

ఈ అర్జీతో పదకొండో నంబరు బస్సు లైనింగు ముక్క ఒకటి జతపరచడమైనది. ఎంత మందం మిగిలిందో తమరు స్వయంగా చేతిలోకి తీసుకుని చూసి చిత్తగించవలెను. ఈసారి నేను రుమాలు కూడా పెట్టాను.

నిన్నటి వరకు తమ విధేయుడు,
డిపో పెద్ద మెకానిక్కు.

తాజా కలం: లైనింగు ముక్క జతపరచాలంటే చక్రం విప్పక తప్పదు గదా. ఈ ఉదయం, మొదటి ట్రిప్పుకు ముందే, నాలుగు వైపులా విప్పేశాను. డ్రమ్ములు నా గదిలో పెట్టి తాళం వేశాను. పదకొండో నంబరు బస్సు చెక్క దిమ్మెల మీద కూర్చుని ఉంది, ఎవరు సంతకం పెట్టినా కదలదు. ప్లానింగు సారు రెండుసార్లు వచ్చి అరిచి పోయారు. మా బావమరిది బస్సు మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

వచ్చే నెల పత్రం కూడా నింపి ఇందులోనే పెట్టాను. ఒకే వరుస రాశాను. ‘చెడిపోవు భాగము’ అన్నచోట పెద్ద మెకానిక్కు అని ఉంది. తేదీ ఖాళీగా వదిలాను, తమరు వేసుకోండి.

గుట్ట మీది స్టాపులో జనం పోగయ్యారట. పదకొండు ఇంకా రాలేదని సంస్థనూ, డ్రైవరునూ, నన్నూ కలిపి అమ్మనా బూతులు తిడుతున్నారని ఇప్పుడే కండక్టరు వచ్చి చెప్పాడు. ఎంతమంది ఉన్నారని అడిగాను. అరవై దాకా ఉంటారన్నాడు. తిట్టనివ్వండి అయ్యా, అరవై మందీ ఉన్నారు.