రోహిణి పుట్టువెంట్రుకలు

మిర్యాలగూడ,
4-5-86

పార్వతక్కకు, తమ్ముడు తులసీరాం దండాలు.

నీ కార్డు అందింది. మూడేళ్ల కింద రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరిందని రేడియోలో విని, నీ బిడ్డకు ఆ పేరు పెట్టించింది నేను. ఇప్పుడేమో 'రోహిణి కార్తెలో పుట్టింది కాబట్టి రోహిణి, ఆ కార్తెలోనే పుట్టువెంట్రుకలు తీయాలె, మేనమామవు, మొదటి కత్తెర నీదే' అంటారా? ఇది విజ్ఞానానికి ద్రోహం! నేను రాను.

తులసీరాం

తా.క.: మా హేతువాద సంఘం కరపత్రం పంపుతున్నా. పోయినసారిలాగా పొయ్యి ముట్టించకండి.

అనంతగిరి తండా,
10-5-86

తమ్మునికి అక్క దీవెనలు.

మా అత్త మంగ్లీ అది కార్తె పేరంటది. మీ బావ అప్పట్ల కొన్న మోటరు డబ్బా మీది పేరని ఊరంతా చెప్తుండు. నువ్వు ఆకాశమంటవు. మూడింటికీ ఒకదానితోని ఒకటి సంబంధం లేదు. అయితేంది? మీ రైసుమిల్లుల సైదయ్యలు ఎంతమంది లేరు! కొట్టుకుంటున్నరా? నువ్వు రాకుంటే ఎవరూ కత్తెర ముట్టరు. ఎండకు పిల్ల తలంతా సెగ్గడ్డలు. జర రా.

పార్వతి

తా.క.: కరపత్రం మీద అప్పడాలు ఎండేసిన. రెంటి మీద 'యువకుడా, మేలుకో' అని తిరగేసి అచ్చుపడ్డది.

మిర్యాలగూడ,
14-5-86

అక్కా, నమస్కారం.

అది ఉపగ్రహం పేరేనని అత్త వేలిముద్ర, బావ సంతకం పంపితే తప్ప గడప తొక్కను. ఇది సూత్రం!

తులసీరాం

తా.క.: సెగ్గడ్డలకు వేపాకు నూరి రాయి. ఇది రాజీ కాదు, వైద్యం.

అనంతగిరి తండా,
28-5-86

తమ్మునికి,

నీ సూత్రం నీకాన్నే ఉండనియ్. పిల్ల ఏడుపు సూడలేక మొన్న పని కానిచ్చినం. నువ్వు ఇడిసిపోయిన నీలం అంగీని మేనమామ జాగల పీట మీద పెట్టి, దాని చేతికి కత్తెర తాకిచ్చినం. అంగీ ఉపన్యాసం ఇయ్యలే. అందరికీ నచ్చింది.

పార్వతి

తా.క.: అంగీకి కొత్త బట్టలు కూడ పెట్టినం.

మిర్యాలగూడ,
31-5-86

అక్కా!

నా అంగీ మేనమామ ఎట్లయితది? నేను బతికే ఉన్న గదా! మిల్లుల సెలవు పెట్టిన. పొద్దుగాల కోదాడ బస్సెక్కుతున్న. ఒక్కర్ని ఇడువ.

తులసీరాం

తా.క.: పిల్లది ఒక్క వెంట్రుకన్నా దాచినవా?

అనంతగిరి తండా,
8-6-86

తమ్మునికి అక్క రాసేది.

నువ్వొచ్చి పోయిన నాలుగో నాడు నీ కార్డు వచ్చింది. బస్సు దిగి 'ఏదా అంగీ!' అని అరుచుకుంట వస్తివి. పిల్ల జడేసుకొని ఎదురొచ్చేసరికి నోరు తెరిచి నిలబడితివి. అంగీ కత నేనే అల్లిన, బావను తిట్టకు. చిన్నప్పుడు బర్లకాడ నేను పిలిస్తే పలికేటోనివి కాదు. 'నీతోని కాదు' అంటే మాత్రం గుట్ట దిగి ఉరికొచ్చేటోనివి. అదే యాదికొచ్చింది.

కత్తెర పట్టి తీసిన మొదటి వెంట్రుకలు నువ్వు జేబుల దాసుకున్నవు. నేను సూసిన.

నీ అక్క

తా.క.: వచ్చే నెల నీ ఒళ్ల కూసోబెట్టి పిల్ల చెవులు కుట్టియ్యాలె. దానికి ఏం అబద్ధం రాయాల్నో ఇప్పటిసంది ఆలోచిస్తున్న.