లైన్ మీద ఎవరున్నారు?

బావమరిదికి,

నీతో ఈ జన్మలో మాట్లాడనని అందరి ముందూ ఒట్టేశాను. రాయనని ఒట్టెయ్యలేదు. అందుకని ఈ ఉత్తరం పొద్దుటి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. జవాబు సాయంత్రం బస్సులో రావాలి.

విషయం ఏమిటంటే, మా ఇంట్లో కంప్యూటర్ ఉంది, ఇంటర్నెట్ లేదు. తెర మీద ఓ మూల చిన్న గుర్తు, దాని మీద ఎర్ర గీత. నిన్నటి నుంచీ ఇదే వరస. శుక్రవారం ఉదయం మీ అక్క డిగ్రీ ఆఖరి పరీక్ష. ఇంట్లోంచే, ఆ కంప్యూటర్ ముందు కూర్చునే రాయాలి. ఈసారి తప్పితే గడువు దాటిపోతుంది. ఇన్నేళ్ళ చదువూ బూడిదలో పోసిన పన్నీరే.

ఈ సంగతి మీ అక్కకి తెలీదు. తెలియనివ్వను కూడా. గది తలుపు దగ్గరగా వేసి, బూజు దులుపుతున్నానని చెప్పాను. పాపం తనూ అటువైపు కన్నెత్తి చూడటం లేదు. వంటింట్లో పుస్తకం ముందేసుకుని కూర్చుంటోంది. ఎంత ఏకాగ్రతో! నువ్వు తనకి ఫోన్ చేసి నోరు జారావో, నీ రెండో కాలు నేను విరగ్గొడతాను.

ఇట్లు,
కరెంటు స్తంభాలెక్కి రిటైరైన నీ బావ

తా.క.: బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడ్డావట. స్తంభాలెక్కడం కోతులు కూడా చేస్తాయన్న పెద్దమనిషి స్టూలెక్కలేకపోయాడని మా వీధంతా నవ్వుకుంటోంది. నేనే చెప్పాను.

*

బావగారికి,

కట్టు కట్టిన కాలు చాపుకునే నమస్కారం.

కోపతాపాలు తర్వాత చూసుకుందాం. కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడుండి కూడా అక్క పరీక్ష పోయిందంటే నేను దుకాణం మూసుకోవాలి. ఈ కాలితో రాలేను కాబట్టి చెప్పినట్టు చెయ్యండి.

కంప్యూటర్ పక్కన గోడకి రౌటర్ అని ఓ నల్ల డబ్బా ఉంటుంది, రెండు కొమ్ములతో. దాని మీద దీపాలు వెలుగుతున్నాయా? వెలుగుతుంటే స్విచ్ ఆపి, కాస్త ఆగి, మళ్ళీ వెయ్యండి. వెలగకపోతే ఊరికే వెయ్యండి. మా వృత్తిలో నూటికి తొంభై జబ్బులకి ఇదే మందు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: ఈ రహస్యం బయట చెప్పకండి. ఇందుకే జనం నాకు డబ్బులిస్తున్నారు.

*

బావమరిదికి,

దీపాలు లేవు. స్విచ్ ఆపేసి ఉంది. ఎందుకాపేసి ఉందో నాకంటే నీకే బాగా తెలుసు.

స్విచ్‌కి ఎర్ర బోర్డు వేలాడుతోంది. "లైన్ మీద మనిషి ఉన్నాడు. స్విచ్ వేయరాదు." నేను బజారుకెళ్ళినప్పుడు నీ మనిషినెవర్నో పంపావన్నమాట! వాడు పని సగంలో వదిలేసి బోర్డు కట్టి పోయాడు. నన్ను పరీక్షిస్తున్నావా? పరీక్ష మీ అక్కదయ్యా, నాది కాదు. ఆ మనిషిని రేపు మొదటి బస్సుకి పంపు. బోర్డు కట్టినవాడొచ్చి తీస్తేనే స్విచ్ పడుతుంది.

ఇట్లు,
మండిపోతున్న నీ బావ

తా.క.: ఎవడోగానీ పద్ధతి తెలిసినవాడే. ముడి అచ్చం నేను వేసినట్టుంది.

*

బావగారికి,

మొక్కుతున్నాను, కోపగించుకోకండి.

నేనెవర్నీ పంపలేదు. నా దగ్గరున్నది ఒక్క మనిషి, వాడు నాకు కాఫీ అందించడంలోనే మునిగి ఉన్నాడు.

బావగారూ, అది స్తంభం కాదు. పుస్తకమంత డబ్బా. దాని మీద ఎక్కడానికి చీమకి కూడా చోటు చాలదు. ఆ బోర్డు పీకి అవతల పారేసి స్విచ్ వెయ్యండి. రేపు గురువారం. నాకు ఇక్కడ గోళ్ళు అయిపోయాయి, కొరుక్కోవడానికి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: నా మీద గొప్ప చూపించడానికి ఆ బోర్డు మీరే కట్టి ఉంటారని మా ఆవిడ అంటోంది. నేను అనటం లేదు. కాదని కూడా అనటం లేదు.

*

బోర్డు పీకి పారెయ్యమన్నవాడికి,

నా జోడీగా పనిచేసినవాణ్ణి బక్కోడు అని పిలిచేవాళ్ళం. ఓ రోజు వాడు పైన లైన్ మీదున్నాడు. కింద ఎవడో తొందరపడి బోర్డు పక్కన పెట్టి స్విచ్ వేశాడు. వాణ్ణి స్తంభం మీంచి దించింది నేను. అప్పటి నుంచీ బోర్డున్న స్విచ్ మీద చెయ్యి వెయ్యలేదు. కట్టిన చెయ్యే విప్పాలి. డబ్బా చిన్నదా, పెద్దదా అని నా చేతులు అడగవు.

మీ అక్క పరీక్ష పోతుందని నాకు తెలీదా? అన్నం సయించడం లేదు. నీ ఉత్తరం వచ్చాక రెండుసార్లు ఆ స్విచ్ దాకా వెళ్ళాను. రెండుసార్లూ బోర్డు చదివి వెనక్కొచ్చేశాను. పక్కింటివాళ్ళని అడిగాను, పేపరతన్ని అడిగాను. ఎవరికీ తెలీదు. పైగా ఇప్పుడు పరికించి చూస్తే ఆ బోర్డు నాదే. మంచం కింద నా పనిముట్ల పెట్టెలో ఉండేది. దొంగ పడ్డాడని నా అనుమానం. పెట్టె తెరిచాడు, బోర్డు తీశాడు, స్విచ్ ఆపాడు, కట్టాడు, పోయాడు. ఇంకేమీ పట్టుకుపోలేదు.

ఇట్లు,
ఏం చెయ్యాలో తోచని నీ బావ

తా.క.: ఇంత నియమం గల దొంగని నా సర్వీసులో చూడలేదు. దొరికితే పోలీసులకి పట్టివ్వను, మా ఆఫీసులో ఉద్యోగానికి సిఫారసు చేస్తాను.

*

బావగారికి,

ఈసారి మనస్ఫూర్తిగా నమస్కారం.

బక్కోడి సంగతి మీరెప్పుడూ చెప్పలేదు. కోతుల మాట అన్నందుకు సిగ్గుపడుతున్నాను. క్షమించండి.

ఇక దొంగ సంగతి. పెట్టె మీ మంచం కింద ఉంది. ముడి మీరు వేసినట్టే ఉంది. ఇంట్లో ఉండేది ఇద్దరు, మీరు కట్టలేదు. ఆ గది వైపు కన్నెత్తి చూడనిది ఎవరన్నారు? నేను పేరు పెట్టి చెప్పను. పెద్దదాని మీద చాడీలు చెప్పానని చెవి మెలేస్తుంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క.: చిన్నప్పుడు లెక్కల పరీక్ష రోజున అక్క స్కూలు గంట తాడు విప్పి దాచేసింది. గంట కొట్టకపోతే పరీక్ష మొదలవదని దాని నమ్మకం.

*

మా బావమరిదికి,

ఆశీస్సులు. ఉత్తుత్తివి కాదు.

నీ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడి, మేం డ్యూటీలో అడిగినట్టే అడిగాను. "లైన్ మీద ఎవరున్నారు?"

పుస్తకంలోంచి తలెత్తలేదు. "నేనే. ఇంకా దిగలేదు" అంది.

"ఎందుకే?"

"భయమేసింది. ఈ వయసులో తప్పితే అందరూ నవ్వుతారు. నెట్ రాలేదంటే ఎవరూ నవ్వరుగా. ఇంకొకరైతే బోర్డు పీకేసి స్విచ్ వేసేస్తారు. మీరు వెయ్యరు."

నాకు కోపం రావాలి. ఏడుపొచ్చింది. నేను పైనున్నన్నాళ్ళూ ఇంట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నది ఈ మనిషే. "పైనున్నవాళ్ళని కేకలేసి దించకూడదు. నువ్వు దిగినప్పుడే దిగు. కింద నిచ్చెన పట్టుకుని నేనుంటాను" అన్నాను. పైకి ఆ మాటన్నానుగానీ, రాత్రంతా గడియారం చూస్తూనే ఉన్నాను.

ఇవాళ పొద్దున పరీక్ష వేళ దగ్గరపడుతున్నా తన గదిలోంచి అలికిడి లేదు. నేను తలుపు తట్టలేదు. ఆఖరికి తల దువ్వుకుని వచ్చింది. ముడి విప్పి బోర్డు నా చేతికిచ్చింది. స్విచ్ తనే వేసింది. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి, ఎర్ర గీత పోయింది. కూర్చుని మొత్తం రాసింది.

ఇట్లు,
నీ బావ

తా.క.: నేను చెప్పాల్సింది అయిపోయింది. మీ అక్క కాగితం లాక్కుంటోంది.

ఒరేయ్ తమ్ముడూ, ఈయన రాయని సంగతి ఒకటుంది. నేను రాస్తుంటే, కెమెరాలో చూస్తూ పరీక్షకి కాపలా కాసే మేడమ్ గొంతు కంప్యూటర్లోంచి వినిపించింది. "మీ వెనక కిటికీలో ఒకాయన ఉన్నారు. జవాబులు అందిస్తున్నారా?" తిరిగి చూస్తే ఈయన, బయట నిలబడి కిటికీ చువ్వలు రెండు చేతులా పట్టుకుని ఉన్నారు. నా పరీక్ష ఇంతటితో సరి అనుకున్నాను. "ఆయనకి జవాబులేం తెలీవండీ. నిచ్చెన పట్టుకున్నారు" అన్నాను. అక్కడ నిచ్చెనా లేదు, పాడూ లేదు. ఆవిడ "సరే, గట్టిగా పట్టుకోమనండి" అంది. నేను మళ్ళీ రాయడం మొదలుపెట్టాను.